పిల్లల బొమ్మ మీద పెద్దల చెయ్యి

డ్రాయింగు టీచరు ఉద్యోగంలోకి ఇప్పుడు వచ్చేవాళ్ళు తక్కువ. మా తరం వాళ్ళు ఒక్కొక్కరే రిటైరవుతుంటే ఆ కుర్చీలు అట్లాగే ఖాళీగా ఉండిపోతున్నాయి. అయినా ఏడాదికి ఒకరో ఇద్దరో కాంట్రాక్టు మీద చేరుతూనే ఉన్నారు. వాళ్ళలో కొందరు నాకు ఫోను చేస్తుంటారు. ఏ రంగులు మంచివి, అరవైమంది పిల్లలున్న క్లాసును గొడవ లేకుండా ఎట్లా నడపాలి అని అడుగుతారు. అవన్నీ నాలుగు రోజులు చేస్తే ఎవరికైనా వచ్చేవే. నా ముప్పై రెండేళ్ళ ఉద్యోగంలో నేను చేసిన ఒక పెద్ద తప్పు గురించి, అదే తప్పు మొన్నీమధ్య ఒక ఎగ్జిబిషన్‌లో మళ్ళీ కళ్ళముందు కనపడితే ఏమయిందో, దాని గురించి రాస్తాను.

ముందే చెబుతున్నాను, నేను అలిసిపోయి ఉన్నాను. అన్నేళ్ళు నిలబడిందంతా ఇప్పుడు మోకాళ్ళలో ఉంది. కాబట్టి ఇందులో ఉత్సాహపరిచే మాటలు వెతక్కండి. ఎప్పుడు చేరాను, ఎక్కడెక్కడికి బదిలీ అయ్యాను, ఏ స్కేలులో దిగాను అనేవి కూడా రాయను. అవి సర్వీసు రిజిస్టరులో ఉన్నాయి. అక్కడే ఉండనివ్వండి.

ఉద్యోగం నిజంగా ఏమిటి

మా నాయన నెల్లూరు చుట్టుపక్కల చర్చి గోడల మీద వాక్యాలు రాసేవాడు. నాకు అక్షరాలు ఆయన చేతిలో నుంచే వచ్చాయి. ఆ అక్షరాలే నాకు ఉద్యోగం తెచ్చిపెట్టాయి, తర్వాత ఆ అక్షరాలే నా ఉద్యోగాన్ని తినేశాయి.

బడిలో చేరిన మొదటివారం నన్ను నిలబెట్టింది పిల్లల ముందు కాదు, ప్రహరీగోడ ముందు. బడి పేరు చెరిగిపోయింది, రాయమన్నారు. రాశాను. బాగుందన్నారు. అంతే, ఆ తర్వాత నాకు విడుదల లేదు. సైన్సు మాస్టారికి గుండె బొమ్మ చార్టు కావాలి. సోషల్ మాస్టారికి ఆంధ్ర దేశం మ్యాపు కావాలి. ఎవరైనా ఆఫీసరు వస్తుంటే గేటు దగ్గర స్వాగతం ముగ్గు కావాలి. మధ్యాహ్న భోజనం గదికి ‘చేతులు కడుక్కోండి’ కావాలి. డ్రాయింగు టీచరంటే బడికి రంగులేసే మనిషి అని చాలామంది హెడ్మాస్టర్ల అభిప్రాయం. కొన్నేళ్ళకు నాకూ అదే అభిప్రాయం అయిపోయింది. గోడ మీద రాసింది అందరికీ కనపడుతుంది, మెచ్చుకుంటారు. పిల్లవాడి పుస్తకంలో జరిగింది ఎవరికీ కనపడదు.

మీకూ ఇదే జరుగుతుంది. జరగదని నేను చెప్పలేను.

రహంతుల్లా సారు

నాకు మంచి హెడ్మాస్టరు ఒక్కరు దొరికారు, అదీ మొదట్లోనే, నాయుడుపేట దగ్గర ఒక బడిలో. అందరూ రహంతుల్లా సారు అనేవాళ్ళు. ఆయనకు బొమ్మల గురించి ఏమీ తెలియదు. పిల్లలు వేసిన బొమ్మలన్నీ తెచ్చిమ్మని తన గదిలో గోడ నిండా తగిలించేవారు. అడ్డదిడ్డంగా ఉన్నవి కూడా.

“మంచివి ఏరి ఇస్తాను సార్, అవి పెట్టండి” అన్నాను ఒకసారి.

“నాకు ఏది మంచిదో తెలవదమ్మా. అందుకే అన్నీ పెడతా ఉండా” అన్నారు నవ్వుతూ.

ఒకరోజు ఆరో తరగతి పిల్ల వేసిన ఇంటి బొమ్మ ఆ గోడ మీదికి వెళ్ళింది. నాలుగు గోడలు, తలుపు, గుమ్మం ముందు కోడి. పైకప్పు లేదు. నేను దానిమీద ఎర్ర ఇంకుతో ‘పైకప్పు ఏది?’ అని రాసి, పదికి మూడు వేసి ఇచ్చాను. రహంతుల్లా సారు ఆ పిల్లను పిలిచి పక్కన కూర్చోబెట్టుకుని, “ఏందమ్మా ఇది, నాకు చెప్పు” అని అడిగారట. ముందు వారం గాలివానకు వాళ్ళింటి రేకులు ఎగిరిపోయాయి. నాలుగు రోజులుగా వాళ్ళు పక్కింటి వసారాలో పడుకుంటున్నారు. ఆ పిల్ల కళ్ళతో చూసింది చూసినట్టు వేసింది.

సారు నన్నేమీ అనలేదు. ఊళ్ళో ఇద్దరు పెద్దమనుషులతో మాట్లాడి రేకులు వేయించారు. ఆ బొమ్మను మాత్రం నా ఎర్ర ఇంకుతో సహా గోడ మీదే ఉంచారు. ఆయన గదిలోకి వెళ్ళిన ప్రతిసారీ నేను దాన్ని చూడాల్సి వచ్చేది. పాఠం అంత తొందరగా, అంత స్పష్టంగా దొరికింది నాకు. అయినా నేను నేర్చుకోలేదని ఇకముందు చదివితే మీకు తెలుస్తుంది.

నెల్లూరులో ఎగ్జిబిషన్

రెండేళ్ళ కిందట ఒక డ్రాయింగు టీచరు నాకు పరిచయమయింది. పేరు నస్రీన్. వాళ్ళ నాయన నెల్లూరులో పరుపులు కుడతాడు. పిల్ల కష్టపడి డిప్లొమా చదువుకుని, సముద్రం పక్కన ఒక హైస్కూల్లో కాంట్రాక్టు మీద చేరింది. తను వేసిన బొమ్మలు నాకు ఫోనులో పంపుతూ ఉంటుంది. మబ్బులు వెయ్యడంలో ఆమెకు మంచి పనితనం ఉంది. స్పాంజి ముక్కతో అద్దుతుంది.

ఈమధ్య ఒకరోజు ఆమె ఫోను చేసి, హైస్కూలు పిల్లల బొమ్మలన్నీ కలిపి నెల్లూరులో ఎగ్జిబిషన్ పెడుతున్నారని చెప్పింది.

“జడ్జిగా మీ పేరు నేనే చెప్పినాను మేడమ్. తప్పకుండా రావాల” అంది.

రాలేనని చెబుదామనుకున్నాను. మెట్లెక్కాలి, ఎండలో పోవాలి. కానీ ఆ పిల్ల గొంతులో ఉన్న సంతోషం విని ఒప్పుకున్నాను.

ఒక బడి హాల్లో పెట్టారు. పొడుగాటి బల్లల మీద, గోడలకు కట్టిన తాళ్ళ మీద బొమ్మలు. ఫ్యాన్ల గాలికి కాగితాలన్నీ రెపరెపలాడుతున్నాయి. ఒక్కోదానికి ఒక నంబరు, కింద బడి పేరు లేదు, పిల్లల పేరు లేదు. జడ్జీలం ఇద్దరం. రెండో ఆయన ప్రసాద్ గారు. ఒకప్పుడు సినిమా హాళ్ళకు చేత్తో పెద్ద పెద్ద బొమ్మలు వేసేవారు. ఆ పని పోయాక ఫ్లెక్సీ షాపు పెట్టుకున్నారు. నాకంటే ఏడెనిమిదేళ్ళు చిన్న, నాకంటే ఎక్కువ అలిసిపోయిన మనిషి.

ఇద్దరం మొదటి వరస నుంచి మొదలుపెట్టాం. కన్నీళ్ళు కారుస్తున్న భూగోళం. సగం మొహం పచ్చగా, సగం మొహం ఎండిపోయి ఉన్న ఆడమనిషి. ‘చెట్లను కాపాడండి’. మళ్ళీ కన్నీళ్ళు కారుస్తున్న భూగోళం. రెండు కొండల మధ్య సూర్యుడు, కింద గుడిసె, పక్కన ఏరు. మళ్ళీ అదే. మళ్ళీ అదే. మూడో వరస దగ్గరికి వచ్చేసరికి కొండల మధ్య సూర్యుళ్ళను పదకొండుమందిని చూశాను.

“ఈ పిల్లోళ్ళంతా సముద్రం ఒడ్డున పుట్టినోళ్ళు గదా ప్రసాద్ గారూ. మన కాడ సూర్యుడు నీళ్ళలో నుంచి లేస్తాడు. ఈ కొండలు యాడివి?”

“ఫోన్లోవి మేడమ్” అన్నారాయన, అలసటగా. “ఫోన్లో చూసి దించితే చాలు, ఇంట్లోవాళ్ళు బ్రహ్మాండం అంటారు. మన ముంగిట్లో ఉండేది వేస్తే ఏముంది ఇందులో అంటారు.”

పిల్లల మీద కోపం రాలేదు. ఆ కొండల సూర్యుణ్ణి నా చేత్తో నేనే ఎన్ని వందలసార్లు బోర్డు మీద వేశానో నాకు తెలుసు. తొందరగా అయిపోతుంది, క్లాసు నిశ్శబ్దంగా ఉంటుంది.

చివరి వరసలో ఒక బొమ్మ ముందు ఇద్దరం ఆగిపోయాం.

రొయ్యల గుంట. నీళ్ళలో మెడదాకా దిగిన మనిషి, తలకు లుంగీ గుడ్డ చుట్టుకున్నాడు. నీళ్ళను చిలికే ఏరేటరు ఆగిపోయినట్టుంది, దాన్ని బాగుచేస్తున్నాడు. ఆ యంత్రం రెక్కల మధ్య నుంచి అతని చెయ్యి ఒకటి మాత్రం పైకి వచ్చింది. ఆ చేతి వేళ్ళు కొలతల ప్రకారం తప్పు, బాగా పెద్దవి. కానీ ఆ వేళ్ళు పనిచేస్తున్నాయి. నట్టు ఊడి రావడం లేదని చూసేవాళ్ళకు తెలుస్తోంది. ముప్పై రెండేళ్ళలో అట్లాంటి చెయ్యి నేను వెయ్యలేదు.

“ఫస్టు ఇదే మేడమ్. ఇంక మాట్లాడే పనే లేదు” అన్నారు ప్రసాద్ గారు.

నేను బొమ్మలో పైకి చూశాను. గుంట గట్టు మీద వరసగా కొబ్బరిచెట్లు. వాటి వెనక నీలాకాశం. ఆకాశంలో తెల్లటి, మెత్తటి మబ్బులు. స్పాంజి ముక్కతో అద్దినవి.

ఆ మబ్బులు నాకు తెలుసు.

కామాక్షి

ఇక్కడ ఎగ్జిబిషన్ ఆపి, పాత సంగతి చెప్పాలి. నా తప్పు ఇదే.

జువ్వలదిన్నె వైపు తీరంలో ఒక హైస్కూల్లో పనిచేస్తున్న రోజులు. బడి పేరు చెప్పను. అక్కడ తొమ్మిదో తరగతిలో కామాక్షి అని ఒక పిల్ల ఉండేది. వాళ్ళ నాయన సముద్రం మీద చేపల వేటకు పోయేవాడు, అమ్మ చేపలమ్మేది. జిల్లా పోటీలు వచ్చాయి. హెడ్మాస్టరు నన్ను పిలిచి, “మన బడికి ఇంతవరకు ఒక్క ప్రైజు గూడా లేదు. ఈసారి తేవాల, ఎట్ట తెస్తావో నీ ఇష్టం” అన్నాడు.

కామాక్షి వేసిన బొమ్మ సముద్రం ఒడ్డు. పడవలు రావడం ఆలస్యమైన రోజు. ఆడవాళ్ళు బుట్టలు పక్కన పెట్టుకుని మనకు వీపులు చూపిస్తూ నిలబడి ఉన్నారు. పడవల కంటే వాళ్ళే పెద్దగా ఉన్నారు. సముద్రం టీ నీళ్ళ రంగులో ఉంది. వానల తర్వాత మా తీరంలో నీళ్ళు నిజంగా ఆ రంగులోనే ఉంటాయి. రోజూ చూసే రంగే. అయినా నాకు ఆ బొమ్మ మురికిగా కనపడింది. నెల్లూరులో జడ్జీలు ఏమంటారో అని భయపడ్డాను.

మధ్యాహ్నం స్టాఫ్ రూములో కూర్చుని ఆ బొమ్మను ‘సరిచేశాను’. సముద్రాన్ని నీలం చేశాను. అలల మీద వెలుగు తునకలు పెట్టాను. ఆడవాళ్ళను కొంచెం తగ్గించి పడవలను పెంచాను. పైన నాలుగు పక్షులు ఎగరేశాను. హెడ్మాస్టరు నన్ను ప్రైజు తెమ్మన్నాడు గానీ బ్రష్షు పట్టుకోమనలేదు. అది నా పనే.

మొదటి ప్రైజు వచ్చింది.

బహుమతులిచ్చే రోజు వేదిక మీద ఒక ఆఫీసరు, మంచాయనే, కామాక్షిని దగ్గరికి తీసుకుని మైకు ముందు పెట్టి, “ఇంత మంచి బొమ్మ ఎట్టా ఏసినావు తల్లీ?” అని అడిగాడు.

“నేను కాదు సార్, మా టీచరు ఏసింది” అంది కామాక్షి.

హాలంతా ఒక్క క్షణం నవ్వు. ఆఫీసరు మాత్రం మురిసిపోయి, “చూసినారా గురుభక్తి! గొప్పంతా టీచరుదే అంటా ఉంది” అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నన్ను లేచి నిలబడమన్నారు. లేచి దణ్ణం పెట్టాను. ఆ దణ్ణం గుర్తొస్తే ఇప్పటికీ తల ఎత్తలేను.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఆ పిల్లను కోప్పడ్డాను. “అందరి ముందర అట్టా అంటారా ఎవరన్నా?”

“అడిగినాడు గదా టీచర్. చెప్పినా” అంది. ఆమెకు నా కోపం అర్థం కాలేదు. దిగేముందు సర్టిఫికెట్టు నా ఒళ్ళో పెట్టి, “ఇది మీ కాడే ఉండనీండి” అని దిగిపోయింది.

ఆ తర్వాత ఏడాదిన్నర ఆమె నా క్లాసులో ఉంది. నేను బోర్డు మీద ఏది వేస్తే అది దించేది. ఒక గీత ఎక్కువ లేదు, ఒక గీత తక్కువ లేదు. నేను పదికి పది వేసేదాన్ని.

చాలా ఏళ్ళకు కావలి మార్కెట్టులో చేపల గంప ముందు కూర్చున్న ఒకామె, “టీచర్, నేను కామాక్షిని” అని లేచి నిలబడింది. పలకరించుకున్నాం. పిల్లల గురించి చెప్పింది. ఉండబట్టలేక, “బొమ్మలేమన్నా వేస్తా ఉండావా అమ్మే?” అని అడిగాను.

“నాకేం వచ్చు టీచర్. మీరు గదా బాగా ఏసేది” అంది.

అందులో ఎగతాళి లేదు. మనసులో ఉన్నదే అంది. ఆ మాటను ఆమె చేత నమ్మించింది నేనే. క్షమించమని అడగాలనిపించింది. గంప చుట్టూ బేరగాళ్ళు మూగారు. అడగకుండానే వచ్చేశాను.

ప్రైజు రాని బొమ్మ

ఆ మబ్బుల ముందు నిలబడితే ఇదంతా ఒక్కసారి మీదికొచ్చింది.

“ఇందులో టీచరు చెయ్యి ఉంది ప్రసాద్ గారూ” అన్నాను.

ఆయన కళ్ళద్దాలు తీసి దగ్గరగా చూశారు. “ఉంది. ఉంటే ఏమి? ఈ హాల్లో సగం బొమ్మల్లో పెద్దోళ్ళ చెయ్యి ఉంటది. చూసీ చూడనట్టు పోవాల మేడమ్. వచ్చింది ఒక పూటకి. అందర్నీ సంతోషపెట్టి పోదాం.”

ఆయన చెప్పింది తప్పని అనలేను. నాకూ అట్లాగే పోవాలనిపించింది. కాళ్ళు లాగుతున్నాయి, ఇంటికి పోయి పడుకుంటే చాలనిపిస్తోంది. అయినా నస్రీన్‌ను వరండాలోకి పిలిచాను.

“ఆకాశం నువ్వేసినావా అమ్మా?”

“కొంచెం టచప్ చేసినాను మేడమ్.”

“కొంచెమా?”

“ఆకాశం మొత్తం” అంది, నేల చూస్తూ. “కొబ్బరిచెట్లు గూడా. సగం కాగితం ఖాళీగా వదిలేసింది మేడమ్ ఆ పిల్ల. తెల్లకాగితం చూసి ప్రైజు ఎవరిస్తారు? ఈసారి ప్రైజు రాకపోతే డ్రాయింగు పీరియడ్లు తీసి లెక్కలకిస్తానని మా హెడ్మాస్టరు గారు ముందే చెప్పేసినారు. పిల్లకి గూడా ఆశ పెట్టినాను. ఇప్పుడు మీరే కాదంటే ఎట్ట మేడమ్? మిమ్మల్ని పిలిపించిందే నేను.”

ఆ చివరి మాట బాగా తగిలింది. నిలబడే, నాలుగు ముక్కల్లో, కామాక్షి సంగతి ఆమెకు చెప్పాను. అంతకుముందు నేను ఎవరికీ చెప్పింది కాదు. అంతా విని ఆమె అంది:

“మీది అప్పుడు పర్మనెంటు ఉద్యోగం మేడమ్. నాది కాంట్రాక్టు, ఏప్రిల్ దాకానే.”



లోపలికి వెళ్ళి ప్రసాద్ గారితో నేను ఆ బొమ్మకు మార్కులు వెయ్యనని చెప్పాను. ఆయన వాదించలేదు. “మీ ఇష్టం మేడమ్. నేనైతే వేసేవాణ్ణి” అన్నారు. ఫస్టు ప్రైజు రెండు కొండల మధ్య సూర్యుడికి వెళ్ళింది. పదకొండింటిలో రంగులు శుభ్రంగా ఉన్నది అదే. దాన్ని ఆ పిల్లవాడు తన చేత్తోనే వేశాడు, నిబంధనల ప్రకారం తప్పు లేదు. నేను పట్టుబట్టిన న్యాయం వల్ల జరిగింది ఇది. దీన్ని దాచి మీకు చెప్పడం నాకిష్టం లేదు.

రొయ్యల గుంట వేసిన పిల్ల పేరు మౌనిక. పదో తరగతి. పేర్లు చదవడం అయిపోయాక తన బొమ్మను తాడు మీద నుంచి తీసుకుంటోంది. ఈసారి చెప్పకుండా పోకూడదనుకుని దగ్గరికి వెళ్ళాను. నస్రీన్ కూడా నా వెనకే వచ్చింది.

“మౌనికా, నీళ్ళలో ఉండేది ఎవరమ్మా?”

“మా నాయన మేడమ్.”

“ఆ చెయ్యి చాలా బాగా వేసినావు. ఈ హాల్లో అంత మంచి గీత ఇంకోటి లేదు. కానీ పైన సగం నీది కాదు. అందుకని నేనే ప్రైజు వద్దన్నాను. వేరే ఎవరూ కాదు.”

ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. నన్నే చూస్తూ, “నాదైన సగానికన్నా ఇయ్యాల్సింది గదా మేడమ్” అంది.

“పైన ఎందుకు ఖాళీగా వదిలినావు?” అని అడిగాను.

“ఖాళీ కాదు మేడమ్. మా కాడ మిట్టమధ్యాన్నం ఆకాశానికి రంగే ఉండదు. తెల్లగా మండిపోతా ఉంటది, కళ్ళు పైకెత్తలేము. అందుకే ఏమీ వెయ్యలేదు. వెయ్యడం రాక కాదు.”

“నాకు చెప్పలేదే నువ్వు!” అంది నస్రీన్ వెనక నుంచి.

“మీరు అడగలేదు మేడమ్” అంది మౌనిక. బొమ్మను గుండ్రంగా చుట్టి, చున్నీలో పెట్టుకుని, బస్సు దగ్గరికి వెళ్ళిపోయింది.

నస్రీన్ నన్ను ఆటో దాకా దిగబెట్టింది.

శనివారం ఆఖరి పీరియడ్

ఆ తర్వాత చాలా రోజులు ఆమె ఫోను చెయ్యలేదు. బొమ్మలు కూడా పంపలేదు. నేను చేసింది సరైనదో కాదో నాలో నేను తేల్చుకోలేకపోయాను. బతుకుతెరువు చూసుకోవాల్సిన పిల్ల దగ్గర, పింఛను తీసుకునే దాన్ని నిజాయితీ చూపించాను. అది పెద్ద గొప్పేమీ కాదు.

ఒకరోజు ఉదయం ఫోను వచ్చింది.

“మేడమ్, వారానికుండే మూడు పీరియడ్లలో రెండు పోయినాయి. తొమ్మిదో తరగతికి ఒకటి మిగిలింది, శనివారం ఆఖరిది. ఒకసారి వచ్చి చూస్తారా?”

గొంతులో కోపం లేదు, సంతోషమూ లేదు. వస్తానన్నాను.

బస్సు దిగి ఆటోలో ఆ బడికి చేరేసరికి మూడున్నర దాటింది. క్లాసు వెనక బల్ల మీద కూర్చున్నాను. యాభైమంది దాకా ఉన్నారు. నస్రీన్ బోర్డు మీద ఏమీ వెయ్యలేదు. “ఇయ్యాల బడికి వచ్చేదారిలో చూసింది ఒకటి వెయ్యండి” అని చెప్పి వదిలేసింది. కొందరు పెన్సిలు నోట్లో పెట్టుకుని దిక్కులు చూశారు. ఒకడు కొండలు మొదలుపెట్టాడు. ఆమె అతని పక్కన బల్ల మీద కూర్చుని, “ఇది ఏ దారిలో కనపడిందిరా నీకు?” అని అడిగింది. వాడు నవ్వి కాగితం తిప్పేశాడు. వెనక్కి తిప్పి ఏం వేశాడో నేను చూడలేదు. ఆమె ఒక్కొక్కరి దగ్గరా ఆగుతోంది, అడుగుతోంది, వింటోంది. ఎవరి కాగితాన్నీ ముట్టుకోవడం లేదు. మధ్యలో ఒకటి రెండుసార్లు ఆమె వేళ్ళు పెన్సిలు కోసం ముందుకు వెళ్ళడం చూశాను. ఆ బాధ నాకు తెలుసు. అంతసేపు ఓర్చుకోవడం, చేత్తో దిద్దడం కంటే చాలా కష్టమైన పని.

మౌనిక గురించి అడిగాను. పదో తరగతి వాళ్ళకు డ్రాయింగు పూర్తిగా ఎత్తేశారట. మధ్యాహ్నం అన్నం తిన్నాక వచ్చి స్టాఫ్ రూము మెట్ల మీద కూర్చుని వేసుకుంటుందట. పోటీ సంగతి మళ్ళీ ఎత్తలేదట. నేను వచ్చేటప్పుడు వరండాలో కనపడింది. దూరం నుంచే నమస్కారం పెట్టి క్లాసులోకి వెళ్ళిపోయింది. దగ్గరికి రాలేదు. రావాలని నేను ఆశపడలేదు కూడా.

క్లాసు మధ్యలో హెడ్మాస్టరు గుమ్మంలోకి వచ్చాడు. నన్ను చూసి తల ఊపి, నస్రీన్‌తో, “మేడమ్ గారూ, వచ్చేవారం టెస్టు ఉంది. లెక్కల సారు వెయిట్ చేస్తా ఉండాడు. మిగిలిన టైము ఆయనకిచ్చేయండి. బొమ్మలు ఇంటికాడ వేసుకుంటారు” అన్నాడు.

మామూలుగా అడిగాడు, మర్యాదగానే. నన్ను కూడా ముప్పై రెండేళ్ళు ఇట్లాగే మర్యాదగా అడిగారు. అడిగినప్పుడల్లా నేను డస్టరు బల్ల మీద పెట్టి బయటికి వచ్చేశాను. ఒక్కసారైనా కాదనలేదు.

నస్రీన్ లేచి నిలబడింది. చున్నీ కొసను గట్టిగా పట్టుకుంది.

“ఇయ్యను సార్” అంది. ఇంకోసారి అంది: “ఇది నా పీరియడ్ సార్. బెల్లు కొట్టేదాకా ఇయ్యను.”

హెడ్మాస్టరు ఆమెను చూశాడు. తర్వాత నన్ను చూశాడు, ఇదంతా నేనే నేర్పించానన్నట్టు. నేను నేర్పలేదు. నాకు రాని దాన్ని నేనెట్లా నేర్పుతాను? ఆయన ఏదో అనబోయి, పిల్లల వైపు చూశాడు. ఒక్కరూ తల ఎత్తలేదు, అందరూ వేస్తూనే ఉన్నారు. ఏప్రిల్లో చూద్దాంలే అన్నట్టు మొహం పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఆ మొహం నస్రీన్ కూడా చూసింది.

ఆమె బల్ల అంచు పట్టుకుని కాసేపు నిలబడింది. గోడ గడియారం వైపు చూసి క్లాసు వైపు తిరిగింది.

“కానీండి” అంది. “ఇంకా ఇరవై నిమిషాలుండాయి.”